రైలుపొయ్యి గుడ్డ, వీరమ్మాళ్ అత్త తుమ్ము

1934 జూన్ 4, సోమవారం. కోవిల్‌పట్టి.

కల్లాపి, ముగ్గు. రెండు ఆవుల పాలు. ఇడ్లీకి రుబ్బడం. కంబు (సజ్జలు) దంచించడం. పడమటి కిటికీలు, వాటితోపాటు తూర్పువీ మూసి సందుల్లో గోనె కుక్కడం. పత్తి గది ముందు ఊడ్చడం. బట్టలు ఉతకడం. రైలుపొయ్యి గుడ్డ మార్చడం.

చివరి పని ఈ వరుసలో ఉండకూడదు. అది శుక్రవారం పని. నిన్న మార్చాను, మొన్న మార్చాను, ఈ రోజూ మార్చాను. రోజూ చేసే పనుల్లో వారానికొకసారి చేసే పని వచ్చి కూర్చుంటే నాకు అన్నం సయించదు.

మరిది లక్ష్మణసామి ఈ పొయ్యి కట్టినప్పుడు ఏమన్నాడు? "వదినె, ఇంక నీ కంట్లో నీళ్ళు రావు. వారానికి ఒక గుడ్డ మార్చు, అంతే." మొదటి మాట నిజమయింది. పత్తిమిల్లులో బాయిలరు చూసే ఫిట్టరు కదా, ఇంట్లోనూ ఒక చిన్న బాయిలరులాగే కట్టాడు. ఇటికల ఒళ్ళు, ఇనుప తలుపు, పైకప్పు దాటి లేచిన పొగగొట్టం, కింద గాలి పీల్చుకునే కన్నం. ఊరంతా మిల్లు దూది నూగు ఎగురుతూ ఉంటుంది, అది లోపలికి పోయి నిప్పురవ్వలై గొట్టంలోంచి బయటపడకుండా ఆ కన్నానికి చెక్క చట్టం, చట్టానికి పల్చటి మల్లుగుడ్డ. గొట్టం చూసి పక్కింటి సీనియమ్మాళ్ రైలుపొయ్యి అని పేరు పెట్టింది. ఇప్పుడు మేమూ అదే అంటున్నాం.

వైకాసి నెల మొదట్లో గుడ్డ శుక్రవారం నుంచి శుక్రవారం దాకా వచ్చేది. ఇప్పుడు పొద్దున కట్టింది సాయంత్రానికి కంబళి అవుతోంది. గుడ్డ మూసుకుంటే పొయ్యి అలుగుతుంది, అలిగితే పొగ వెనక్కి తంతుంది.

ఎందుకో కనుక్కుంటాను. కనుక్కునేదాకా ఇక్కడ రాస్తాను. ఈ ఇంట్లో తెలుగు అక్షరాలు చదివేది నేనొక్కదాన్నే, మా నాయన పుణ్యమా అని. ఈ పుస్తకానికి తాళం అక్కర్లేదు.

జూన్ 5, మంగళవారం

పనులు నిన్నటివే. గుడ్డ కూడా నిన్నటిలాగే.

జూన్ 7, గురువారం

పనులు అవే, కిటికీలతో సహా. అదనంగా రెండు అరెస్టులు.

మొదటిది సీనియమ్మాళ్. గోడ మీదుగా ఆమే మొదలుపెట్టింది. "ఏమక్కా, రైలు ఎన్నింటికి బయలెల్లేది? నేను సాత్తూరు పోవాల."

"నువ్వు పెరట్లో కంబు చెరుగుతుండావా?"

"చెరుగుతుండా. నా కంబుకు నీ పొయ్యి దగ్గుతాదా?"

"దగ్గుతాది. రెండు దినాలు వీధివైపు చెరుగు."

"మా మామ పోయినప్పుడు కూడా నేను పెరట్లోనే చెరిగితిని. నీ పొయ్యికోసం వీధిన పడాల్నా?" అంటూనే చాట ఎత్తుకుని వీధిలోకి పోయింది. మంచిది. పోతూ పోతూ వీధంతా వినేట్టు, గోవిందమ్మాళింటి పొయ్యికి దిష్టి తగిలిందని చెప్పింది. అంత మంచిది కాదు.

రెండో అరెస్టు చుక్కల కోడి. వంటింటి గడప దగ్గరే మట్టిలో పొర్లి రెక్కలు కొట్టుకుంటుంది. దాన్ని గంప కింద పెట్టాను. అది నన్ను చూసిన చూపు రాయను.

జూన్ 8, శుక్రవారం

విరుదునగర్ నుంచి పెరుమాళ్సామి గారు వచ్చారు! వచ్చి భోంచేశారు!

నెమ్మదిగా రాయాలి. మా ఆయన ఆ ఊరిని ఇంకా విరుదుపట్టి అనే అంటారు. ఈ వైకాసి మొదట్లో మేము ముగ్గురం అక్కడికి పోయి పెరుమాళ్సామి గారి కూతురు పంచవర్ణాన్ని లక్ష్మణసామికి అడిగాం. పెద్ద మిరపకాయల వ్యాపారం వాళ్ళది. కొట్టూ ఇల్లూ ఒకే కప్పు కింద. మా ఆయన గొంతు సవరించుకుని, "మంచి మాట ఒకటి అడగడానికి..." అన్నారో లేదో, పెరుమాళ్సామి గారి తల్లి వీరమ్మాళ్ అత్త తుమ్మింది.

ఒక్కటే.

అందరం రెండోదానికోసం కాచుకున్నాం. మా ఆయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉంచారు. ఈగ పోయి వచ్చేంత సేపు. రెండోది రాలేదు.

"ఒంటితుమ్ము. కాపీ తాగి పోండి," అంది అత్త.

నేను ఊరుకోలేదు. "అత్తా, మిరపకాయల ఇంట్లో తుమ్ముకు శకునం చూస్తే మీవాళ్ళు గడప దాటేదెప్పుడు?"

"మిరపకాయకు నేను తుమ్మి యాభై ఏళ్ళాయె. కోడలుగా వచ్చిన ఏడు తుమ్మితిని, అంతే. ఇది మిరపకాయ తుమ్ము కాదు, దేవుడి తుమ్ము. దానికి జోడీ వచ్చినప్పుడు రాండి, మాట్లాడుదాం."

అక్కడితో ఆగింది. ఆగిందని నేననుకున్నాను. మా లక్ష్మణసామి ఆగలేదు. కాపీ ఇచ్చేటప్పుడు పంచవర్ణం వీణ్ణి, "పొగగొట్టం ఎంత ఎత్తుండాల?" అని అడిగిందట. రైల్లో తిరిగొచ్చేటప్పుడు సాత్తూరు దాకా వీడు పొగగొట్టాల ఎత్తుల గురించి మాట్లాడాడు, సాత్తూరు నుంచి ఏమీ మాట్లాడలేదు. నేను కోడలుగా వచ్చేనాటికి వీడికి అయిదేళ్ళు. నా చేతి ముద్దలు తిన్నవాడు. వీడి మౌనాలు నాకు తెలుసు.

ఈ రోజు పెరుమాళ్సామి గారు ఏదో పనిమీద కోవిల్‌పట్టి వచ్చి మా ఇంట్లో భోజనానికి ఆగారు. చుట్టూ చూసి, "ఏమమ్మా, వంట పక్కింట్లో చేస్తిరా? పొగే లేదే," అన్నారు. లోపలికి తీసుకెళ్ళి రైలుపొయ్యి చూపించాను. (గుడ్డ ఆయన వచ్చే ముందే మార్చాను.) ఆయన పొయ్యి చుట్టూ ప్రదక్షిణం చేశారు.

"మా అమ్మ కండ్లు పొగకు చెడిపోతుండాయి," అన్నారు. "లేవమంటే లేవదు. వంటిల్లు విడిస్తే రాజ్యం పోతుందని దానికి భయం. మీ మరిది మా ఇంట్లో ఇట్లాంటిది కట్టాల. మూడు దినాలు అమ్మ దాని ముందు కూర్చోవాల. పొగ రాకూడదు, మధ్యలో గుడ్డ మార్చకూడదు. గుడ్డ మార్చేదానికి మా ఇంట్లో ఎవరికీ ఓపిక లేదు. అది జరిగితే అమ్మతో నేను మాట్లాడుతా. లేదంటే ఏళాయిరంపన్నై సంబంధం వాళ్ళు కాచుకోనుండారు. ఆడిమాసం పుట్టేలోగా ఎవరికో ఒకరికి మాటిచ్చేస్తా."

మూడు రోజులు. ఒకే గుడ్డ. మా ఇంట్లో అది ఒక్క పూట రావడం లేదు.

లక్ష్మణసామి "సరి మామా" అన్నాడు. మామా! అప్పుడే!

నాకేం తొందర లేదు. పెళ్ళిళ్ళు దేవుడి చేతిలో ఉంటాయి. నా చేతిలో గుడ్డ ఉంది.

జూన్ 9, శనివారం

సీనియమ్మాళ్ నిర్దోషి. కోడి నిర్దోషి. గంప తీసి గుప్పెడు కంబు వేశాను. తిన్నది గానీ క్షమించలేదు.

జూన్ 12, మంగళవారం

నా బుర్రలో మెరుపు. గుడ్డ పల్చగా ఉంది కనుకనే కదా మురికి పట్టుకుంటోంది? రెండు మడతలు వేశాను. ఇంకాస్త తెలివి వచ్చి మూడు వేశాను.

పొయ్యి ముఖం మాడ్చుకుంది. పప్పు ఉడకదు. పొగగొట్టం ఉన్న పొయ్యి పొగగొట్టం లేని పొయ్యి కంటే ఎక్కువ పొగ పెట్టింది. మిల్లు నుంచి వచ్చిన లక్ష్మణసామి గుమ్మంలోనే దగ్గుతూ, "వదినె, దానికి ఊపిరి ఆడడం లేదు. దుప్పటి కప్పి పరుగెత్తమంటే ఎట్లా?" అన్నాడు.

"మరి నీ గుడ్డ పొద్దుటికీ సాయంత్రానికీ ఎందుకు చెడుతుందో నువ్వు చెప్పు."

"గాలిలో మురికుంటే చెడుతుంది."

"ఆ మాట చెప్పడానికి మిల్లులో ఫిట్టరు కావాల్నా?"

మా ఆయన ఉడకని పప్పు ముందు కూర్చుని, "ఏమే, పెళ్ళి వాడికా, గుడ్డకా?" అన్నారు.

జూన్ 13, బుధవారం

ఇంకా పల్చటి గుడ్డ వేసి చూశాను. నూగు లోపలికి పోయింది, గొట్టంలోంచి దీపావళి వచ్చింది. సీనియమ్మాళ్ తాటాకు కప్పు మీద రెండు రవ్వలు పడ్డాయి. ఆమె బిందెడు నీళ్ళు కొట్టి, "రైలు మా స్టేషన్లో ఆగింది, దిగేవాళ్ళు దిగండి!" అని అరిచింది. కోపం రావాల్సింది పోయి ఇద్దరం గోడకు ఇటూ అటూ పడి నవ్వాం. ఎన్నాళ్ళయిందో అట్లా నవ్వి. నాకు పక్కటెముకల్లో ఇంకా నొప్పి.

గుడ్డ మందం తప్పు కాదు. పల్చదనం తప్పు కాదు. ఆ రెండూ కొట్టేశాను.

జూన్ 15, శుక్రవారం

ఆని నెల మొదటి రోజు. పడమటి గాలి రంకెలు వేస్తోంది. ఆడిగాలికి నూరే అమ్మిరాయి కూడా ఎగురుతుందంటారు, ఈ ఏడు ఆనిలోనే మొదలయింది. కిటికీల సందుల్లో ఇంకో వరుస గోనె కుక్కాను. ఒక్క ఈకంత సందు లేదు. ఇల్లు డబ్బాలాగా ఉంది. దుమ్ము ఎక్కడినుంచి వస్తుందో ఇప్పుడు చూద్దాం.

సాయంత్రం: గుడ్డ మధ్యాహ్నానికే చెడింది.

జూన్ 17, ఆదివారం

లక్ష్మణసామి సెలవు పెట్టి విరుదునగర్ పోయి పొయ్యి కట్టేశాడు. నిన్న రాత్రి వచ్చాడు. కారణం తెలీకుండానే కట్టేశాడు. "అక్కడ పత్తిమిల్లు పక్కన లేదు వదినె, నూగు రాదు," అంటాడు.

నాకేం తొందర లేదు. పెట్టె సర్దాను.

జూన్ 18, సోమవారం

పెట్టె మళ్ళీ సర్దాను. పసుపుచీర పెట్టాను, తీశాను, పెట్టాను.

జూన్ 21, గురువారం. విరుదునగర్.

పొద్దుటి బండికి నేనూ లక్ష్మణసామీ వచ్చాం. మా ఆయనకు పత్తి తూకాలు ఉన్నాయి, ఆయన తర్వాత వస్తారు. స్టేషన్ దాకా వచ్చి, "నువ్వు పోయేది దేనికో గుర్తుందా?" అన్నారు. గుడ్డ చూసుకోవడానికి అన్నాను. వేరే దేనికి?

వీధి మొదట్లోనే మిరపకాయల ఘాటు ఎదురొచ్చి పలకరించింది. వంటింటికి ఒకవైపు బావి, ఇంకోవైపు మిరపకాయల కొట్టు. కొట్టుకూ వంటింటికీ మధ్య ఒక పాత తలుపు. పొయ్యి చక్కగా కట్టాడు. వీరమ్మాళ్ అత్త దాని ఎదురుగా పీట వేసుకుని, పెళ్ళిచూపుల్లో మగపెళ్ళివాళ్ళ పెద్దలా కూర్చుంది.

"ఇదేనా నీ మరిది కట్టిన కోవెల?"

"దణ్ణం పెట్టుకోండి అత్తా."

"మొదట దేవుడు బయటికి రానీ."

నేను పనిలోకి దిగాను. గాలికాలం. గుడ్డను కాపాడాలి. ఉన్న కిటికీలన్నీ నా చేతులతో మూశాను. బావివైపు ఉన్న ఎత్తు కిటికీ ఒకటి ముందే మూసి ఉంది, దాని సందుల్లోనూ గుడ్డపేలికలు కుక్కాను.

అత్త మొదటిసారి నన్ను మెచ్చుకుంది. "తెలివైన పని. ఆ బావిగాలి నాకు పడదు. అది తెరిచి ఎన్ని ఏళ్ళాయెనో."

పంచవర్ణం ఏదో అనబోయి నన్ను చూసి, వాళ్ళ అవ్వను చూసి, నోటికి పైట అడ్డం పెట్టుకుని బావి దగ్గరకు పోయింది. ఆ పిల్ల ఎప్పుడూ నవ్వు దాచుకుంటున్నట్టే ఉంటుంది. ఏముందో.

జూన్ 22, శుక్రవారం

పొద్దున మంచి వేళ చూసి పొయ్యి వెలిగించాం. ఒక్క చుక్క పొగ లేదు! కొట్టులో మనుషులందరికీ సరిపడా అన్నం వార్చాం. కొళంబు పులుసు, పొరియల్ కూర, మజ్జిగ. అత్త కళ్ళు తుడుచుకోవడానికి కొంగు తీస్తుంది, నీళ్ళు లేవు, ఊరికే తుడుచుకుని కొంగు వదిలేస్తుంది. అలవాటు.

"కండ్లు మండలేదు కదా అత్తా?"

"ఇంకా రెండు దినాలుండాయి."

సాయంత్రం వంగి చూశాను. గుడ్డ ఎర్రగా ఉంది. కుంకుమలో ముంచి తీసినట్టు ఎర్రగా. కట్టేటప్పుడు మల్లెపువ్వులా ఉండింది.

ఎవరికీ చెప్పలేదు. లక్ష్మణసామికి చెప్పాను. వాడు ఎవరికీ చెప్పలేదు. పంచవర్ణానికి చెప్పాడు.

జూన్ 23, శనివారం

రాస్తుంటే కళ్ళు కారుతున్నాయి. ఏడుపుతో కాదు.

పదింటికల్లా పొయ్యి మూలగడం మొదలుపెట్టింది. గుడ్డ పూర్తిగా మూసుకుపోయింది. మంట పచ్చబడి, కుంగి, చచ్చిపోయేట్టుంది. ఇనుప తలుపు సందులోంచి పొగ సన్నగా తొంగిచూసింది. వీరమ్మాళ్ అత్త కూడా తొంగిచూసింది.

"వచ్చాడమ్మా దేవుడు," అంది.

లక్ష్మణసామి ఒక్క క్షణం పంచవర్ణం వైపు చూశాడు. ఆ చూపుతో మతి పోయింది కాబోలు, వంగి గుడ్డను చట్టంతో సహా ఊడబీకాడు. పొయ్యి అన్నాళ్ళ ఆకలితో ఒక్కసారి గాలి లాక్కుంది. గాలితోపాటు గుడ్డ మీది మిరపకారం, నేల మీది మిరపకారం, ఎక్కడినుంచో ఇంకా ఇంకా మిరపకారం, అంతా నిప్పులోకి పోయింది. తలుపు సందులోంచి ఒక ఎర్రటి ఊపిరి బయటికి వచ్చింది.

తర్వాత ఏం జరిగిందో వరుసగా రాయలేను, ఎవరికీ కళ్ళు లేవు. పెరుమాళ్సామి గారు దగ్గుతూ కొట్టులోంచి వచ్చి, తుమ్ముతూ కొట్టులోకి పోయారు. మూటలు మోసేవాళ్ళు మూటలు వదిలి వీధిలో కూర్చున్నారు. ఎదురింటివాళ్ళు తలుపులు వేసుకున్నారు, వేసుకున్న తలుపుల వెనకనుంచి తుమ్ములు వినిపించాయి. పంచవర్ణం తుమ్ముతోంది, నవ్వుతోంది, ఏది ఏదో తెలీడం లేదు. లక్ష్మణసామి చట్టం చేత్తో పట్టుకుని దానిలోంచి లోకాన్ని చూస్తూ తుమ్ముతున్నాడు. నేను తుమ్మిన తుమ్ములకు నా ముక్కుపుల్ల ఊడి ఎక్కడో పడింది.

ఇంత గందరగోళం మధ్యలో వీరమ్మాళ్ అత్త పీట మీద, వీపు నిటారుగా, ఒక్క తుమ్ము లేకుండా కూర్చుని ఉంది.

"చెప్పితిని కదా," అంది. "మిరపకాయకు నేను తుమ్మను."

పెరుమాళ్సామి గారు తువ్వాలు ముఖానికి కట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "లక్ష్మణా, నీమీద నాకు ప్రీతి ఉండాది. అయితే రేపు ఏళాయిరంపన్నైకి మనిషిని పంపాల్సిందే."

పంచవర్ణం నవ్వు ఆగిపోయింది. అప్పుడు చూశాను, ఆ పిల్ల నవ్వకపోతే ముఖం ఎంత చిన్నదో.

అదే రోజు, దీపాలు పెట్టిన తర్వాత

కనుక్కున్నాను.

ముక్కుపుల్ల వెతకడానికి వంటింట్లో నేలమీద బోర్లా పడుకున్నాను. పంచవర్ణం ఇంకోవైపు పడుకుని వెతుకుతోంది. పొయ్యి మళ్ళీ మెల్లగా మండుతోంది, గుడ్డ లేకుండానే. నా చెంపకు చల్లగా గాలి తగిలింది. అన్ని కిటికీలూ మూసిన ఇంట్లో, నేల దగ్గర, గాలి! కొట్టు తలుపు కిందినుంచి వస్తోంది. ఆ తలుపు సందులోంచి పొయ్యి దాకా నేల మీద ఎర్రటి దారి. చీమలబారులాగా, సన్నగా, తిన్నగా. చూస్తుండగానే దానిమీద మిరపగింజ ఒకటి దొర్లుకుంటూ పొయ్యి వైపు పోయింది.

కోవిల్‌పట్టిలో ఆ దారి తెల్లగా ఉంటుంది. పత్తి గది తలుపు కిందినుంచి పొయ్యి దాకా. రోజూ ఊడుస్తాను. రోజూ ఊడ్చి, "ఎంత శుభ్రంగా ఊడ్చాను" అనుకుంటాను.

"లక్ష్మణా! ఈ పొయ్యి ఎంత గాలి తాగుతుంది?"

"చాలా తాగుతుంది వదినె. గొట్టం లాగుతూనే ఉంటుంది. గదిలో గాలంతా ఇట్టే అయిపోతుంది."

"అయిపోతే మళ్ళీ ఎక్కడినుంచి తెచ్చుకుంటుంది?"

వాడు నోరు తెరిచాడు. కిటికీలు చూశాడు. సందుల్లో కుక్కిన పేలికలు చూశాడు. నన్ను చూశాడు.

"నువ్వు మూసితివి," అన్నాడు.

అవును. ముక్కు మూస్తే మనిషి నోటితో పీలుస్తాడు. ఇల్లూ అంతే. దుమ్ము రాకూడదని పైనున్న శుభ్రమైన దారులన్నీ నేను మూశాను. పొయ్యి ఊపిరి ఆపుకోలేక తలుపు కిందినుంచి, నేలమీదినుంచి, ఉన్న మురికంతా ఈడ్చుకుంటూ పీల్చింది. ఎంత గట్టిగా మూస్తే అంత మురికి. మూడు వారాలుగా గుడ్డకు శత్రువు ఎవరా అని ఊరంతా వెతికాను. కోడిని కూడా గంప కింద పెట్టాను!

నవ్వొచ్చింది. నేలమీదే పడి నవ్వాను. లక్ష్మణసామి వచ్చి పక్కన కూర్చుని నవ్వాడు. ఆ పిల్ల మళ్ళీ నవ్వింది. ముక్కుపుల్ల దానికే దొరికింది.

పెరుమాళ్సామి గారికి ఎర్రదారి చూపించాం. ఆయన ఒక మిరపగింజ పెట్టి, అది పొయ్యి దాకా దొర్లిపోవడం చూసి, చిన్నపిల్లాడిలా ఇంకోటి పెట్టారు. మూడోది కూడా పెట్టారు. "సరి. మళ్ళీ మొదటినుంచి మూడు దినాలు. ఇదే ఆఖరు," అన్నారు.

బావివైపు ఎత్తు కిటికీ తెరవాలి. అటే శుభ్రమైన గాలి. కొట్టు తలుపు కింద పేలికలు కుక్కి పేడతో మెత్తాలి.

"ఆ కిటికీ వద్దు," అంది అత్త. "ఆ గాలి నాకు పడదు."

పెరుమాళ్సామి గారు వంగి దణ్ణం పెట్టారు. "అమ్మా, మూడే దినాలు."

అప్పుడు పంచవర్ణం నన్ను బావి దగ్గరకు లాక్కెళ్ళింది. చెవిలో చెప్పింది. వైకాసిలో మేము పిల్లను అడగడానికి వచ్చిన రోజు, వీధి మలుపులో మనుషులు కనిపించేది ఆ ఒక్క కిటికీలోంచేనట. పీట ఎక్కి దాన్ని తెరిచిందట. మూయడం మరిచిపోయిందట.

"అంటే ఆ రోజు మీ అవ్వ తుమ్మింది ఆ బావిగాలికి..."

"దేవుడు కాదత్తా," అంది పంచవర్ణం. "నేనే."

ఇద్దరం ఒకరి నోరు ఒకరం మూసుకున్నాం.

జూన్ 24, ఆదివారం

కిటికీ తెరిచాం. పొయ్యి పాడుతోంది. గుడ్డ తెలుపు. అత్త చెవులకు తువ్వాలు కట్టుకుని కూర్చుంది. ముక్కుకు కట్టుకోలేదు, చూశాను.

జూన్ 25, సోమవారం

గుడ్డ తెలుపు. అత్త రెండుసార్లు ముక్కు చిట్లించింది. నేనూ పంచవర్ణమూ రెండుసార్లు గరిటెలు వదిలేశాం. ఏమీ రాలేదు.

నాకేం తొందర లేదు.

ఉంది. చాలా తొందర ఉంది.

జూన్ 26, మంగళవారం

మా ఆయన మధ్యాహ్నం బండికి వచ్చారు. మూడో రోజు సాయంత్రం, వంట ముగిసింది, అందరూ వంటింట్లోకి వచ్చారు. లక్ష్మణసామి చట్టం తీసి ఎత్తి చూపించాడు. పాలలో రెండు చుక్కల కాపీ పడ్డంత రంగు. అంతే! మూడు రోజుల గుడ్డ!

పెరుమాళ్సామి గారు, "అమ్మా, ఇప్పుడు చెప్పు. కండ్లు?" అన్నారు.

అత్త మెడ ఎత్తి గోడ చూసింది. "గోడమీది బల్లి కనిపిస్తుండాది," అంది. "దాని తోక కూడా. అయినా ఆ తుమ్ము తుమ్మే. జోడీ లేదు."

మా ఆయనకు ఏం తోచిందో, గొంతు సవరించుకున్నారు. "మంచి మాట ఒకటి అడగడానికి..."

బావివైపు నుంచి ఒక గాలి తెర వచ్చింది. తడి గాలి, చల్లటిది. అత్త ముఖం మారింది. కళ్ళు చిన్నవయ్యాయి. గడ్డం పైకి లేచింది. పంచవర్ణం నా మోచెయ్యి పట్టుకుంది.

అత్త తుమ్మింది.

బల్లి పారిపోయింది. పెరుమాళ్సామి గారు గాలిలోకి చేతులెత్తి, "జోడీ!" అని అరిచారు. మా ఆయన ఈసారి నోరు తెరిచి ఉంచక చప్పట్లు కొట్టారు. లక్ష్మణసామి చట్టాన్ని గుండెకు హత్తుకున్నాడు.

కానీ నేను అత్త ముఖమే చూస్తున్నాను. గడ్డం మళ్ళీ లేస్తోంది. కళ్ళు మళ్ళీ చిన్నవవుతున్నాయి. ఇంకోటి! ఇంకోటి వస్తే మూడు! మూడంటే మళ్ళీ ఒకటి మిగులుతుంది!

ఎట్లా దూకానో తెలీదు. డెబ్బై ఏళ్ళ పెద్దావిడ ముక్కును రెండు వేళ్ళతో పట్టుకున్నాను.

వంటింట్లో ఊపిరి పీల్చింది రైలుపొయ్యి ఒక్కటే.

అత్త నన్ను చూసింది. నేను అత్తను చూశాను. వదల్లేదు. ఆమె భుజాలు ఒకసారి ఎగిరి పడ్డాయి. తుమ్ము వెనక్కి పోయింది. మెల్లగా వేళ్ళు తీశాను.

"ఏమ్మే గోవిందమ్మా," అంది అత్త. "నా ముక్కు నా మొగుడు కూడా పట్టుకున్నది లేదు."

"తప్పయింది అత్తా."

"తప్పేం లేదు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. భుజాలు మళ్ళీ కదిలాయి. ఈసారి తుమ్ము కాదు. నవ్వు. "ఇంత పట్టుగా పట్టుకునే మనిషి ఉన్న ఇంట్లో పిల్ల భద్రంగానే ఉంటుందిలే. ఒరే పెరుమాళూ, ఆవణి నెలలో మంచి దినం చూడు." తర్వాత పంచవర్ణం వైపు తిరిగింది. "నువ్వు పీట తెచ్చి ఆ కిటికీ మూయి. తెరిచేది నీకు తెలుసు కదా."

తెలుసు కదా, అంది. ఆ పిల్లా నేనూ ఒకరినొకరం చూసుకోలేదు. చూసుకుంటే అక్కడే పడి నవ్వేవాళ్ళం.

పంచవర్ణం పీట ఎక్కింది. కిటికీ రెక్కమీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి, "మూసేస్తే పొయ్యికి ఊపిరాడదు కదా, అక్కా?" అంది.

అత్తా కాదు. అక్కా.

జూన్ 28, గురువారం. కోవిల్‌పట్టి.

కల్లాపి, ముగ్గు. రెండు ఆవుల పాలు. ఇడ్లీకి రుబ్బడం. పత్తి గది తలుపు కింద గోనె కుక్కి పేడతో మెత్తడం. తూర్పు కిటికీల్లో గోనె అంతా పీకి పారేయడం, రెక్కలు బార్లా తెరవడం. సీనియమ్మాళ్‌కు అన్నీ మొదటినుంచి చెప్పడం (రెండుసార్లు, రెండోసారి ఆమె నన్ను ముక్కు పట్టుకుని చూపించమంది). బట్టలు.

రైలుపొయ్యి గుడ్డ మార్చడం లేదు. రేపు శుక్రవారం, రేపు మారుస్తాను.

చుక్కల కోడికి అదనంగా గుప్పెడు కంబు.

వీరమ్మాళ్ అత్త దగ్గర వైకాసి నుంచి నిలిచిపోయిన ఒక తుమ్ము: ముట్టింది. బాకీ లేదు.